కొమొడో డ్రాగన్ పక్కన కాఫీ తుప్పును నిలపడం తప్పు కాదు

సంపాదకులకు నమస్కారములు.

నగరంలోని ఒక పాఠశాల వైజ్ఞానిక ప్రదర్శనలో విద్యార్థినులు కొమొడో డ్రాగన్ బొమ్మను, కాఫీ ఆకుకు పట్టే తుప్పు తెగులు బొమ్మను ఒకే అట్టపై ‘వేటగాళ్లు’ అన్న పేరు కింద పక్కపక్కన అతికించి, రెండింటిలో ఏది ఎక్కువ ప్రమాదకరమో తేల్చే ప్రయత్నం చేశారని, బల్లి జాతి జంతువుకూ ఆకు మీది బూజుకూ పోలిక పెట్టడం పిల్లల బుర్రలను పాడుచేయడమేనని ఒక పాఠకులు ఇటీవల మీ లేఖల శీర్షికలో ఆవేదన వ్యక్తం చేశారు. వారి ఆవేదన వెనుక ఉన్న శాస్త్రాభిమానాన్ని గౌరవిస్తున్నాను. అయితే వృక్షశాస్త్రం బోధించి విశ్రాంతి తీసుకుంటున్నవాడిగా, ఏటా విద్యార్థులను వెంటబెట్టుకుని పాడేరు, చింతపల్లి వైపు తోటలకు తిరిగినవాడిగా, ఆ పిల్లలు చేసిన పని సరైనదేననీ, మన జిల్లా పిల్లలు తప్పకుండా చేయవలసినదేననీ చెప్పడం నా బాధ్యతగా భావించి ఈ లేఖ రాస్తున్నాను.

మొదటి అభ్యంతరం, ఒకటి జంతువు, రెండోది మొక్కలాంటిదన్నది. ఆ తుప్పు తెగులును కలిగించేది ఒక శిలీంధ్రం. శిలీంధ్రం మొక్క కాదు. అది కిరణజన్య సంయోగక్రియ జరపదు, తన ఆహారం తాను వండుకోదు. దాని కణకవచంలో ఉండేది మొక్కల్లోని సెల్యులోజు కాదు, రొయ్య పెంకులో, బొద్దింక పెంకులో ఉండే కైటిన్. ఆహారాన్ని నిల్వ చేసుకునేది పిండి పదార్థంగా కాదు, మన కాలేయంలో మాదిరిగా గ్లైకోజెన్‌గా. జీవుల వంశవృక్షాన్ని జన్యువుల ఆధారంగా గీసిన శాస్త్రవేత్తలు శిలీంధ్రాలను, జంతువులను ఒకే పెద్ద కొమ్మ నుంచి చీలిన రెండు రెమ్మలుగా చూపుతున్నారు. అంటే కాఫీ ఆకుపై పెరిగే తుప్పు శిలీంధ్రానికి ఆ కాఫీ మొక్క కంటే ఇండోనేషియా దీవిలో తిరిగే డ్రాగనే దగ్గరి బంధువు. ఈ ఒక్క సంగతి పిల్లలకు తెలియడానికైనా ఆ అట్ట పనికివచ్చి ఉంటుంది.

ఇక డ్రాగన్ సంగతి. అది మన ఊరి ఉడుముకు అన్నగారు. రెండూ వరానస్ అనే ఒకే ప్రజాతికి చెందినవి. కొమొడో, రింకా, ఫ్లోరెస్ వంటి కొద్ది దీవుల్లో తప్ప సహజంగా మరెక్కడా లేదు. పెద్ద మగది మూడు మీటర్ల పొడవు, 70 నుంచి 90 కిలోల బరువు ఉంటుంది. 1912లో పీటర్ ఔవెన్స్ దాన్ని శాస్త్రలోకానికి పరిచయం చేశారు. చీలిన నాలుకతో గాలిని రుచి చూసి కిలోమీటర్ల దూరంలో ఉన్న కళేబరాన్ని కూడా పసిగడుతుంది. జింకలు, అడవి పందులు, చివరికి దున్నలు కూడా దానికి ఆహారమే. ఒక్క పూటలో తన శరీర బరువులో 80 శాతం దాకా మింగగలదు. దాని నోటిలోని బాక్టీరియా వల్లే ఎర జంతువు చనిపోతుందని చాలా కాలం నమ్మారు. 2009లో బ్రయాన్ ఫ్రై బృందం దాని కింది దవడలో విషగ్రంథులున్నాయని, ఆ విషం రక్తాన్ని గడ్డకట్టనీయకుండా చేసి రక్తపోటును పడగొడుతుందని చూపించింది. రంపపు పళ్ల అంచులు నారింజ రంగులో ఉండడానికి కారణం అక్కడ పేరుకున్న ఇనుమేనని 2024లో వెలువడిన పరిశోధన తెలిపింది. పిల్లలు ఆ అట్టపై రెండు నారింజ రంగులనూ చూపారో లేదో నాకు తెలియదు కానీ, చూపదగిన విషయమే. డ్రాగన్ పంటి నారింజ రంగు నిజంగా ఇనుము వల్ల వచ్చింది. తుప్పు అని పిలుచుకుంటున్న తెగులు రంగు ఇనుము వల్ల వచ్చింది కాదు, క్యారెట్‌కు రంగునిచ్చే కెరోటినాయిడ్ల వల్ల వచ్చింది.

ఇప్పుడు రెండో బొమ్మకు వస్తాను. సెప్టెంబరు నెలలో వాన తెరిపిచ్చిన ఏ పొద్దుటైనా ఏజెన్సీలోని అరబికా కాఫీ తోటలోకి వెళ్లి, సిల్వర్ ఓక్ నీడలో నిలబడి, మోకాలి ఎత్తు కొమ్మల్లోని ముదురు ఆకును ఒకదాన్ని తిప్పి చూడండి. పైనుంచి చూస్తే లేత పసుపు మచ్చలు మాత్రమే కనిపిస్తాయి, నూనె బొట్టు పడినట్టు. అడుగున అదే చోట నారింజ రంగు పొడి ఉంటుంది. బొటనవేలితో రాస్తే వేలి గీతల్లోకి పసుపులా ఎక్కి, తోట దాటి వచ్చినా వదలదు. ఆ పొడిలోని ప్రతి రేణువూ ఒక సిద్ధబీజం, అంటే శిలీంధ్రానికి విత్తనం లాంటిది. దాని పొడవు మిల్లీమీటరులో ముప్పయ్యో వంతు ఉంటుంది. సూక్ష్మదర్శిని కింద పెడితే నారింజ తొనలా ఒక వైపు నున్నగా, మరో వైపు ముళ్లుముళ్లుగా కనిపిస్తుంది. ఒక్క మచ్చ కొన్ని నెలల పాటు లక్షల సిద్ధబీజాలను రాలుస్తూనే ఉంటుంది. వానచినుకు, గాలి, కూలీల చేతులు, చీర కుచ్చెళ్లు, కాఫీ మొక్కల సంచులు, అన్నీ వాటికి వాహనాలే.

ఆకు అడుగున పడిన సిద్ధబీజానికి కావలసింది కొన్ని గంటల పాటు ఆరని తడి, 22 డిగ్రీలకు అటూఇటూగా వాతావరణం. ఆ రెండూ దొరికితే అది మొలకెత్తి సన్నని నాళాన్ని చాచుతుంది. ఆకు గాలి పీల్చుకునే పత్రరంధ్రాన్ని వెతుక్కుని, దానిపై బిళ్లలా అతుక్కుని లోపలికి దిగుతుంది. మూడు వారాలకు అటూఇటూగా ఆకు అడుగున మళ్లీ నారింజ పొడి. ఈ లోగా తోటవాడికి ఏ జాడా తెలియదు. డ్రాగన్ కూడా ఎండుగడ్డిలో కదలకుండా పొంచి ఉండే జంతువేనని చెబుతారు. పొంచి ఉండడంలో ఈ శిలీంధ్రానికి దీటైన జంతువును నేను ఎరుగను.

సరిగ్గా ఇక్కడే విమర్శించిన పాఠకుల మాటలో కొంత నిజం ఉందని ఒప్పుకోవాలి. కచ్చితమైన అర్థంలో తుప్పు శిలీంధ్రం వేటగాడు కాదు, పరాన్నజీవి. డ్రాగన్‌కు ఎర చావాలి. చచ్చిన మాంసమే దాని భోజనం. తుప్పు శిలీంధ్రానికి ఆకు బతికి ఉండాలి, ఎందుకంటే అది బతికున్న కణాల నుంచే తినగలదు. ప్రయోగశాలలో దాన్ని పెంచాలన్నా బతికున్న ఆకు సమకూర్చవలసిందే. లోపలికి దిగిన పోగులు ఆకు కణాల గోడను తొలిచి చూషకాలు అనే చిన్న అవయవాలను దూరుస్తాయి. ఆ చూషకం కణత్వచాన్ని చింపదు. త్వచం దాని చుట్టూ తొడుగులా ముడుచుకుంటుంది. ఆ తొడుగు గుండా కణంలోని చక్కెరలు, అమైనో ఆమ్లాలు శిలీంధ్రానికి ప్రవహిస్తాయి. అంతేకాదు, మొక్క తన రక్షణ వ్యవస్థను మేల్కొలపకుండా నిద్రపుచ్చే ప్రోటీన్లను శిలీంధ్రం తిరిగి ఆ కణంలోకే పంపుతుంది. మన భాషలో ఉడుము పట్టు అంటాం. ఆ మాట ఉడుము కంటే ఈ చూషకానికే ఎక్కువ తగునని నా అభిప్రాయం.

ఈ తేడాను పిల్లలు అర్థం చేసుకుంటే జీవశాస్త్రంలో పాఠ్యపుస్తకం పది పేజీల్లో చెప్పలేనిది అర్థమైనట్లే. ఎరను చంపి తినేది ఎర కంటే పెద్దదిగానో, బలమైనదిగానో, విషం గలదిగానో ఉండాలి. బతికించుకుని తినేది ఎంత చిన్నదైతే అంత మేలు. మొదటిదానికి వేట ముగిసిన వెంటనే ఫలితం కనిపిస్తుంది. రెండోదాని ఫలితం మరుసటి ఏడు కనిపిస్తుంది. అరబికా మొక్క కాయలు కాసేది గత ఏడాది పెరిగిన కొమ్మ మీద. ఈ ఏడు ఆకులు రాలిపోతే కొమ్మ ఎదగదు, చివరలు ఎండిపోతాయి, వచ్చే ఏడు పంట పోతుంది. గిరిజన రైతు నష్టపోయిన రోజుకూ నష్టం మొదలైన రోజుకూ మధ్య ఏడాది గడిచి ఉంటుంది. అందుకే ఈ తెగులు వార్త కాలేకపోతోంది.

సంతానం విషయంలోనూ పోలిక ఆసక్తికరమైనదే. ఇంగ్లండులోని చెస్టర్, లండన్ జంతుప్రదర్శనశాలల్లోని ఆడ డ్రాగన్లు మగదాని ప్రమేయం లేకుండానే గుడ్లు పెట్టి పొదిగించగలవని 2006లో నిర్ధారణ అయింది. అలా పుట్టినవన్నీ మగవే కావడం వాటి లింగ క్రోమోజోముల తీరు వల్ల జరుగుతుంది. డ్రాగన్‌కు అరుదైన ఈ మార్గం తుప్పు శిలీంధ్రానికి నిత్యకృత్యం. ఆకు మీది నారింజ పొడి అంతా జత కట్టకుండా వచ్చిన నకళ్లే. ఒక డ్రాగన్ కాన్పుకు ఇరవై దాకా గుడ్లు పెడుతుంది, అవి పొదగడానికి ఏడెనిమిది నెలలు పడుతుంది, పుట్టిన పిల్లలు పెద్ద డ్రాగన్ల నోట పడకుండా మొదటి ఏళ్లు చెట్ల మీదే గడుపుతాయి. ఆ చెట్ల మీది జీవితం పూర్తిగా వేరు: అక్కడ పురుగులు, చిన్న బల్లులు ఆహారం, నేల మీదికి దిగాక జింకలు.

రెండు బతుకులు బతకడం తుప్పు జాతికీ తెలుసు. గోధుమకు వచ్చే కాండపు తుప్పు తన జీవితంలో ఒక భాగాన్ని గోధుమ మీద, మరో భాగాన్ని బార్బెర్రీ పొద మీద గడుపుతుందని 1865లో ఆంటన్ డి బారీ నిరూపించారు. మన ప్రాంతంలో గంట్లు అని పిలిచే సజ్జ పంటకు వచ్చే తుప్పుకు రెండో ఆశ్రయం మరేదో కాదు, వంగ మొక్క. గంట్ల చేను పక్కన వంగతోట వేసే రైతుకు ఈ సంగతి ఎవరైనా చెప్పారా?

ఇక నష్టం లెక్కకు వద్దాం, ఎందుకంటే పిల్లలు అడిగిన ప్రశ్న అదే. కొమొడో డ్రాగన్లు మనుషులపై దాడి చేసిన సందర్భాలు ఉన్నాయి, ప్రాణాలు పోయిన సందర్భాలూ ఉన్నాయి, కానీ అవి అతి స్వల్పం. కాఫీ తుప్పుకు 1869లో మైల్స్ బర్క్‌లీ, బ్రూమ్ శాస్త్రీయ నామం పెట్టారు. అప్పటికే అది సింహళంలో (నేటి శ్రీలంకలో) కాఫీ తోటలను కబళిస్తోంది. 1880లో అక్కడికి పంపిన హ్యారీ మార్షల్ వార్డ్ అనే యువ శాస్త్రవేత్త ఆ తెగులు ఆకులోకి ఎలా ప్రవేశిస్తుందో ఓపికగా గమనించి, మైళ్ల కొద్దీ ఒకే పంటను ఎడతెగకుండా వేయడమే దానికి రాజమార్గం వేసిందని చెప్పారు. ఆయన మాట తోటల యజమానులను కాపాడడానికి ఆలస్యమైపోయింది. ఇరవై ఏళ్ల లోపే సింహళం కాఫీని వదిలి తేయాకుకు మారింది. 1876లో అదే తెగులు జావాకు చేరింది. 1970లో బ్రెజిల్‌లో కనిపించింది. 2012, 2013లలో మధ్య అమెరికాలో విజృంభించినప్పుడు గ్వాటెమాలా, హోండురాస్ వంటి దేశాలు అత్యవసర పరిస్థితి ప్రకటించాయి. తోట కూలీలు పనుల్లేక వలస పోయారు. 2020లో హవాయిలో అడుగుపెట్టింది. ఏ డ్రాగన్ ఇన్ని సముద్రాలు దాటింది?

డ్రాగన్ల సంఖ్య సుమారు మూడు వేలు. వాటి రక్షణకు 1980లో జాతీయ పార్కు ఏర్పడింది, 1991లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది, 2021లో ఆ జంతువును అంతరించే ప్రమాదంలో ఉన్న జాతుల జాబితాలోకి చేర్చారు. ఆ రక్షణ తగ్గాలని నేను అనడం లేదు. అది పూర్తిగా అవసరమైనది. మనం భయపడే జంతువుకు మన రక్షణ కావలసి వచ్చిందనీ, మనం లెక్కచేయని బూజు నుంచి మనకు రక్షణ కావలసి వచ్చిందనీ పిల్లలు ఆ అట్ట చూసి గ్రహిస్తే చాలు.

విచిత్రం ఏమిటంటే డ్రాగన్ తిరిగే దీవులు, తుప్పుకు విరుగుడు దొరికిన దీవి ఒకే వరుసలో ఉన్నాయి. ఫ్లోరెస్ తీరపు అడవుల్లో డ్రాగన్లు, అదే దీవి కొండల మీద కాఫీ తోటలు. దానికి తూర్పున ఉన్న టిమోర్‌లో అరబికాకూ, రోబస్టా అనే మరో కాఫీ జాతికీ మధ్య సహజంగా సంకరం జరిగి, తుప్పును తట్టుకునే ఒక కాఫీ మొక్క పుట్టింది. దాన్ని టిమోర్ హైబ్రిడ్ అంటారు. కర్ణాటకలోని బాలెహొన్నూరులో ఉన్న కేంద్ర కాఫీ పరిశోధనా సంస్థ విడుదల చేసిన కావేరి, చంద్రగిరి రకాల్లో ప్రవహిస్తున్నది ఆ టిమోర్ రక్తమే. మన మన్యంలో ఆర్.వి.నగర్ కాఫీ పరిశోధనా కేంద్రానికి వెళ్లినవారు ఈ రకాల పేర్లు విని ఉంటారు.

అయితే ఏ రకమూ శాశ్వత కవచం కాదు. అంతకు ముందు పేరు తెచ్చుకున్న ఎస్.795 అనే కాఫీ రకాన్ని, ఆ తర్వాత వచ్చిన కావేరిని కూడా తుప్పు కొత్త తెగలు లొంగదీసుకున్నాయి. ఇప్పటికి ఈ శిలీంధ్రంలో యాభైకి పైగా తెగలను శాస్త్రవేత్తలు గుర్తించారు. జింక కాళ్లకు వేగం పెరిగితే డ్రాగన్ తనను తాను మార్చుకోవడానికి వేల తరాలు, లక్షల ఏళ్లు పడతాయి. మొక్కలో ఒక నిరోధక జన్యువు చేరిస్తే దాన్ని దాటే దారి తుప్పు కొన్ని దశాబ్దాల్లో, ఒక్కోసారి కొన్ని ఏళ్లలోనే కనిపెడుతుంది. నా దృష్టిలో రెండింటి మధ్య అసలైన తేడా ఇదే, దవడలది కాదు.

గాలిలో ఎగిరే సిద్ధబీజాల అధ్యయనానికి మన ఊరు ఒకప్పుడు పేరుపొందింది. వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయ వృక్షశాస్త్ర విభాగంలో ఆచార్య టి. శ్రీరాములు, ఎ. రామలింగం విశాఖ దగ్గరి వరి పొలం గాలిలో ఏ శిలీంధ్రాల బీజాలు ఏ వేళ ఎన్ని తిరుగుతాయో రెండేళ్ల పాటు లెక్కగట్టి 1960లలో ప్రచురించారు. గాలిని గాజు పలకపైకి పట్టి, సూక్ష్మదర్శిని కింద గింజ గింజా లెక్కపెట్టే ఆ పని ఎంత కష్టమో చేసినవారికే తెలుసు. అటువంటి పనికి పుట్టిల్లయిన ఊళ్లో శిలీంధ్రాన్ని వేటగాడితో పోల్చిన పిల్లలను మందలించడం నన్ను బాధపెట్టింది.

మన ఉడుము గురించి కూడా ఒక మాట చెప్పకుండా ఉండలేను. కంబాలకొండ అంచున, సింహాచలం కొండ దిగువన ఇళ్లు పెరిగిన కొద్దీ వానాకాలంలో ఉడుములు పెరట్లోకి, మురుగు కాలువల్లోకి వస్తున్నాయి. చూసినవారు మొసలి పిల్ల అనో, విషజంతువు అనో హడలిపోయి కర్రలు పట్టుకుంటున్నారు. అది తినేది పురుగులు, నత్తలు, ఎలుకలు, పక్షి గుడ్లు. మనిషిని చూస్తే పారిపోతుంది. వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్న జంతువు కనుక దాన్ని చంపడం, మాంసానికో తోలుకో అమ్మడం నేరం కూడా. ఏమీ చేయని ఉడుమును కొట్టి చంపే చేతులే, పెరటి చిక్కుడు ఆకు అడుగున ఇటుక రంగు పొడిని చూసి దుమ్మనుకుని తుడిచేసుకుంటున్నాయి. భయం ఎక్కడ ఉండాలో అక్కడ లేదు, ఉండకూడని చోట ఉంది.

కనుక మీ పత్రికను రెండు విషయాలు కోరుతున్నాను. ఏజెన్సీలో కాఫీ రైతులు వానలకు ముందు ఒకసారి, వానలు తగ్గుముఖం పట్టాక మరోసారి మైలుతుత్తం, సున్నం కలిపి చేసే 0.5 శాతం బోర్డో మిశ్రమాన్ని ఆకుల అడుగు భాగం తడిసేలా పిచికారీ చేయాలి. నీడ చెట్ల కొమ్మలను వానలకు ముందే సవరించి తోటలో గాలి ఆడేలా చూడాలి. ఇవి కాఫీ శాస్త్రవేత్తలు ఎప్పటి నుంచో చెబుతున్న మాటలే. ఆ రెండు సమయాల్లోనూ జిల్లా పేజీలో పాడేరు, అరకు, చింతపల్లి రైతులకు అర్థమయ్యే తేలిక తెలుగులో, రోగం పట్టిన ఆకు రెండు వైపుల ఫొటోలతో సహా ఈ సమాచారాన్ని ప్రచురించండి. అరకు లోయ అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చినప్పుడు మొదటి పేజీలో చోటు ఇచ్చిన పత్రికలకు దాని ఆకుల కోసం లోపలి పేజీలో కాస్త చోటు దొరకకపోదు.

రెండవది, వీలైతే ఆ విద్యార్థినుల అట్టను మీ ఆదివారం పిల్లల పేజీలో ముద్రించండి. అందులో ‘వేటగాళ్లు’ అని ఉన్న చోట ‘వేటగాడు, పరాన్నజీవి’ అని సవరిస్తే విమర్శించిన పాఠకులకూ అభ్యంతరం ఉండదని ఆశిస్తున్నాను. ఆ పిల్లలకు, వారి ఉపాధ్యాయులకు సమ్మతమైతే వారిని ఈ కాఫీ కాలంలో మన్యం తోటలకు తీసుకువెళ్లి, సూక్ష్మదర్శిని కింద ఆ పొడిని చూపించడానికి నేను సిద్ధంగా ఉన్నాను. పాఠశాల వారు మీ కార్యాలయం ద్వారా నన్ను సంప్రదించవచ్చు.

భవదీయుడు,
విశ్రాంత వృక్షశాస్త్ర అధ్యాపకుడు,
విశాఖపట్నం.